కారులోని వైఫైకి పైకము చెల్లించదగునా?

ఇంటిలో దీపమునకు, నీటికి, వంటగ్యాసునకు నెలనెలా పైకము చెల్లించుట మనకు అలవాటే. ఇటీవలి కాలమున ఆ పద్దుల సరసన మరియొక పద్దు వచ్చి కూర్చున్నది. అది కారులోని వైఫై. మేము నివసించు టెక్సాసు రాష్ట్రమున క్రొత్త కారు కొనిన తెలుగు కుటుంబములు పెక్కింటిలో ఈ ప్రశ్న పుట్టుచున్నది: ఉచితముగా ఇచ్చిన గడువు తీరినది, ఇక మీదట సొమ్ము కట్టుదమా, మానుదమా? మేమును ఈ ప్రశ్నను ఎదుర్కొంటిమి. మొదట ఒక విధముగా తలచి, పిమ్మట ఒక ప్రయాణమున పాఠము నేర్చుకొని, తుదకు వేరొక నిర్ణయమునకు వచ్చితిమి. ఆ సంగతినే నేడు మనవి చేసెదము.

ముందుగా ఈ వస్తువు ఎట్టిదో తెలిసికొందము. వైఫై వేరు, ఇంటర్నెట్టు వేరు. కారులో ఒక సిమ్ము, దానితో కూడిన మోడెము అమర్చబడి యుండును. కప్పు మీద సొరచేప రెక్క వలె కనిపించు యాంటెన్నా దారి ప్రక్క సెల్ టవరునుండి సంకేతమును గ్రహించును. ఆ సంకేతమునే కారు లోపల వైఫై రూపమున పంచిపెట్టుదురు. ఫోనులు, పలక కంప్యూటర్లు దానిని అందుకొనును. అనగా కారు ఇంటర్నెట్టును పుట్టించుట లేదు. టవరు ఇచ్చినదానిని పంచుచున్నది. కాలువలో నీరు లేనినాడు చేనిగట్టున తూము ఎంత పెద్దదైనను ప్రయోజనమేమి?

కారులోనికి ధ్వని వచ్చుట నేటి మాట కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ కారులో అమర్చదగిన రేడియోను 'మోటరోలా' అను పేరున విపణిలో ప్రవేశపెట్టినది. దానిని ఒకమారు కొనిన చాలును. వినుటకు నెలసరి రుసుము లేదు. 2014లో జనరల్ మోటార్స్ సంస్థ ఏటీ అండ్ టీ వారి 4జీ జాలముతో తన కార్లలో వైఫైని విరివిగా ప్రవేశపెట్టినప్పుడు కథ మారినది. కారు మన సొంతము, దానిలోని యంత్రము మన సొంతము. కాని అది పలుకవలెనన్న నెలనెలా సొమ్ము పడవలెను. 2017లో ఆ సంస్థ కార్లకు నెలకు 20 డాలర్ల అపరిమిత పథకము వెలువడినది. అటుపిమ్మట ధరలు, పథకములు మారుచు వచ్చినవి. కంపెనీకి ఒక తీరుగా ఉన్నవి. లెక్క తెలియుటకు ఆ 20 డాలర్లనే తీసికొందము. ఏడాదికి 240, అయిదేండ్లకు 1,200 డాలర్లు. చిన్న మొత్తముగా కనిపించి పెద్దదగు ఖర్చులలో ఇది ఒకటి.

ఈ సొమ్మునకు ఎంత పని జరుగును? దారి చూపు పటములకు పట్టు డేటా మిక్కిలి తక్కువ. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో పాట వినినచో గంటకు సుమారు 58 మెగాబైట్లు చెల్లును. స్పష్టమైన చలనచిత్రము చూచినచో గంటకు 3 గిగాబైట్ల వరకు ఖర్చు కావచ్చును. కనుక పటమునకు, పాటకు, మాటకు మన చేతి ఫోను చాలును. వెనుక కూర్చున్న పిల్లలు ఎవరి బొమ్మను వారు చూడగోరినప్పుడే లెక్క మారును. అమెరికాలో అపరిమితమని పేరు పెట్టిన ఫోను పథకములలో సైతము, ఫోనునుండి ఇతరులకు పంచు డేటాకు తరచుగా ఒక మేర ఉండును. అది దాటిన పిదప వేగము తగ్గిపోవును. చలనచిత్రమును ఇంటివద్దనే దింపుకొని వచ్చినచో ఆ ఇబ్బందియు లేదు.

ఈ లెక్క వేసికొనియే మేము మొదట వలదనుకొంటిమి. కాని 2023 మార్చి నెల బడి సెలవులలో డాలసు నుండి బిగ్ బెండ్ జాతీయ ఉద్యానమునకు పోవ నిశ్చయించి, పిల్లల పోరు పడలేక ఆ ఒక్క నెలకు సొమ్ము కట్టితిమి. అది మెక్సికో సరిహద్దున రియో గ్రాండి నది వంపులో ఉన్న ఎడారి కొండల సీమ. పోవునప్పుడు పిల్లలు మూడు తెరల మీద మూడు బొమ్మలు చూచిరి. కిటికీ వెలుపల ఏమున్నదో ఒకరును చూడలేదు. ఈ సొమ్ముతో మేము కొనినది మౌనమే కదా యని మా ఇల్లాలు అన్నది. ఆ మాట మాకు గుచ్చుకొన్నది.

మరలివచ్చు దినమున ఉద్యానపు ముఖ్య కార్యాలయము కడనుండి మారథాన్ అను చిన్న ఊరికి బయలుదేరితిమి. అది దాదాపు డెబ్బది మైళ్ల దారి. ఆ దారిలో చేతి ఫోనులు మూగవోయినవి. కారు వైఫై గుర్తు వెలుగుచునే యున్నను ఒక్క అక్షరమును కదలలేదు. వైఫై గుర్తు కారునకును మన ఫోనునకును నడుమగల బంధమును మాత్రమే తెలుపును. కారునకును టవరునకును నడుమ బంధమున్నదో లేదో అది చెప్పదు. ఊరి పొలిమేర చేరగానే ఒక్కసారిగా సందేశములు కురిసినవి. రాజమహేంద్రవరమునుండి మా తమ్ముడు తొమ్మిదిమారులు పిలిచియుండెను. మా తల్లిగారు స్నానాల గదిలో జారిపడిరి. తుంటి ఎముక విరిగినది.

"అన్నయ్యా, ఎక్కడున్నారు? పొద్దుటినుంచి చేస్తున్నాను. డాక్టరుగారు రేపు ఉదయమే ఆపరేషను అంటున్నారు. అమ్మకు గుండె మందులున్నాయి కదా, మత్తు ఇవ్వడానికి భయమేమోనని అడుగుతున్నారు. నువ్వొక మాట చెప్పు" అని వాడు పలికిన మాటలు నేటికిని మా చెవులలో ఉన్నవి.

మారథాన్ విడిచి ఫోర్ట్ స్టాక్టన్ వైపు సాగినంతనే మా చేతి ఫోను మరల సన్నగిల్లినది. అచ్చట కారు వైఫై నిలిచినది. దానికి రెండు కారణములు. కారులోని సిమ్ము మా ఫోను కంపెనీది కాదు, వేరొక కంపెనీది. ఆ దారిని వీరి టవరు అందనిచోట వారి టవరు అందినది. రెండవది, యాంటెన్నా కారు వెలుపల నున్నది. ఇనుప గుల్లలో, పూతపూసిన అద్దముల నడుమ ఉన్న ఫోనుకంటె అది బలహీనమైన సంకేతమును మేలుగా పట్టగలదు. మా ఇల్లాలు చక్రము పట్టగా, మేము వెనుక సీటున కూర్చుండి వైద్యునితో మాటాడితిమి. ఎక్సురే చిత్రములు వచ్చినవి. తల్లిగారి మందుల చీటీ మా ఫోనులో ఉండుటచే వెంటనే పంపితిమి. ముందుగా కట్టవలసిన సొమ్ము చేర్చితిమి. తుదకు తల్లిగారి ముఖము చూచితిమి. "పిల్లలు అన్నం తిన్నారా?" అని ఆమె అడిగినది. వెనుక తెరలు వాటంతట అవే ఆగిపోయినవి. పిల్లలు ముగ్గురును నాయనమ్మ మాటకై ముందుకు వంగిరి. దైవకృపచే శస్త్రచికిత్స చక్కగా జరిగినది. నేడామె చేతికఱ్ఱతో వాకిట తిరుగుచున్నారు.

ఈ వృత్తాంతమును చెప్పుట కారు వైఫైని పొగడుటకు కాదు. టవరు లేని డెబ్బది మైళ్లలో అది ఫోనువలెనే నిష్ప్రయోజనమైనది. టవరు బలహీనముగానున్న మైళ్లలో మాత్రము ఫోనుకంటె మిన్నయైనది. దీనినుండి తేలిన విచారణ ఇది. మీ కారు సిమ్ము, మీ ఫోను సిమ్ము ఒకే కంపెనీవైనచో మీరు కొనుచున్నది యాంటెన్నా బలము మాత్రమే. వేరు కంపెనీలవైనచో రెండవ దారిని కొనుచున్నారు. నిత్యము నగరములోనే ఇంటికిని కచేరికిని తిరుగువారికి ఈ రెండును అక్కఱలేదు. సుదూర ప్రయాణములు చేయువారికి, కారులో కూర్చుండి పనిచేయవలసిన ప్రయాణికులకు ఆ నెలకు మాత్రము అక్కఱయగును.

మరి మూడు సంగతులను మఱవరాదు. మొదటిది, ప్రమాదము జరిగినప్పుడు కారు తనంతట తాను సహాయమును పిలుచు ఏర్పాటు వేరు, ప్రయాణికుల వైఫై వేరు. ఐరోపా సమాఖ్యలో 2018 మార్చి 31 నుండి క్రొత్తగా ఆమోదము పొందు కార్ల నమూనాలలో అట్టి ఏర్పాటు తప్పనిసరి చేసిరి. వైఫై మానినచో రక్షణ పోవునని ఎవరైన చెప్పినచో, ఒప్పందపత్రమును చదివి విడదీసి చూచుకొనవలెను. టవరే లేని ఎడారిలో ఉపగ్రహము ద్వారా ఆపద సందేశమును పంపు ఫోనులు 2022 నవంబరునుండి అమెరికాలో వాడుకకు వచ్చినవి. అట్టి చోట్లకు పోవువారికి అదియే మేలు.

రెండవది, కారు బ్రదుకు దీర్ఘము, మోడెము బ్రదుకు స్వల్పము. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ వారు 3జీ జాలమును మూసివేసినప్పుడు ఆ యంత్రమును నమ్ముకొనిన పాత కార్లు పెక్కు మూగవోయినవి. చక్రములు తిరుగుచునే యున్నవి; మాట మాత్రము పడిపోయినది. కనుక ఏండ్ల తరబడికి ముందుగా సొమ్ము కట్టుట వివేకము కాదు.

మూడవది, వైఫై పథకము మానినంత మాత్రమున కారులోని మోడెము నిద్రపోదు. మన రాకపోకలు, బండి నడుపు తీరు దాని ద్వారా కంపెనీకి చేరుచుండవచ్చును. ఇట్టి వివరములను తగిన సమ్మతి లేక ఇతరులకు అందించిరని 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనరల్ మోటార్స్‌పై చర్యను ప్రకటించినది. కారు తెరమీది అనుమతులను ఓపికగా చదువుట సొమ్ము లెక్కకంటె తక్కువ పని కాదు.

మన దేశమున 2019లో ఎం.జి. హెక్టర్, హ్యుండాయ్ వెన్యూ కార్లు లోపల సిమ్ముతో వచ్చినవి. రోజుకు ఒకటిన్నర, రెండు గిగాబైట్లిచ్చు ఫోను పథకములు సామాన్యమైన మన నాట, ప్రయాణికుల వైఫైకని వేరుగా సొమ్ము కట్టవలసిన అవసరము ఇంకను తక్కువ. క్రొత్త కారు కొనువారు ఉచితపు గడువు ఎంత, అటుపిమ్మట దేనికెంత అని అమ్మకపువానిని ముందే అడిగి వ్రాయించుకొనుట మంచిది.

ఇప్పుడు మేము ఏడాదిలో దూరపు ప్రయాణములున్న మూడు నెలలకు మాత్రము కట్టుచున్నాము. 240 డాలర్లకు బదులు 60 డాలర్లు. బయలుదేరుటకు ముందు పటమును ఫోనులోనికి దింపుకొందుము; ఏ దారిన పోవుచున్నామో, ఎన్ని గంటలు మాట అందదో తమ్మునికి తెలిపెదము; తల్లిగారి మందుల చీటీని వాని దగ్గరను ఒకటి ఉంచితిమి. ఈ మూడింటికిని పైకము లేదు. నాడు ఆ డెబ్బది మైళ్లలో మాకు నిజముగా కొఱవడినవి ఇవియే.