రికార్డు బుక్కులో రాయని పొడవు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తార్నాక చౌరస్తాలో ఆటో దిగి, క్యాంపస్ వైపు పాత దారినే నడుచుకుంటూ వచ్చాను. "నువ్వు చేసే ఉద్యోగమేంటో మాకు అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పు" అన్నారు మన సంఘం మిత్రులు. చెబుతాను. దాంతోపాటు ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి.

కంటైనరు అనగానే గూడ్సు రైలు మీద పోయే ఇనప పెట్టె గుర్తొస్తుంది. మన సనత్‌నగర్‌లోనే వాటి డిపో ఉంది. 1956లో అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అనే ట్రక్కుల వ్యాపారి 58 పెట్టెలను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఓడలో పంపాడు. తర్వాత పెట్టెల కొలతలు ఒకటయ్యాక, లోపల ఏముందో క్రేనుకు, లారీకి, రైలుకు పట్టకుండా పోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యాన్ని అందరి చేతికీ తెచ్చింది 2013లో వచ్చిన డాకర్. ప్రోగ్రామునూ దానికి కావలసిన లైబ్రరీలనూ కలిపి ఒక మూట కడతాం. దాన్ని ఇమేజి అంటారు. ఏ సర్వరులో విప్పినా ఒకేలా నడవాలి. "నా మెషిన్‌లో బాగానే నడిచింది సార్" అనే మాటకు మందు అదే.

మూట ఎలా కట్టాలో వరుసగా రాసేది డాకర్‌ఫైల్. ఏది పునాది, ఏమేం ఇన్‌స్టాల్ చేయాలి, ఏ ఫైళ్లు పెట్టాలి, ఏది మొదలుపెట్టాలి అన్నీ అందులో ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు మన సైన్సు రికార్డే గుర్తొచ్చింది: ఉద్దేశం, పరికరాలు, పద్ధతి. లోలకం ప్రయోగంలో నేను దారం పొడవు రాయలేదు. నాకు తెలుసు కదా అనుకున్నాను. సార్ ఎర్ర సిరాతో పేజీ మొత్తం కొట్టేసి, "పక్కవాడు నీ రికార్డు చూసి ఇదే ప్రయోగం చేయగలగాలి. లేకపోతే నువ్వు రాసింది కథ" అన్నారు.

నలభైలు దాటాక అదే తప్పు మళ్లీ చేశాను. మా టీములో డాకర్‌ఫైల్ ఉండేది, కానీ సగం పద్ధతి నా తలలో ఉండేది. ఒక ఫైలు నా ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. ఇమేజి కట్టి, పేరు పెట్టి, అందరూ తీసుకునే రిజిస్ట్రీకి పంపేది నేనే. ఎవరికి అవసరమైనా నాకే ఫోను. నిజం చెప్పాలంటే, అది నాకు బాగుండేది.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. ప్రపంచమంతా పరుగులు పెట్టింది. అప్పుడే అమ్మ ఆసుపత్రిలో ఉంది. రాత్రిళ్లు ఆమె మంచం పక్కన కూర్చుని ఇమేజీలు కట్టాను. 2.15 వచ్చింది, అది చాలదని 2.16, అదీ చాలదని 2.17. అన్నీ ఆ ఒక్క నెలలోనే. మూడోసారి నిద్రమత్తులో కొత్త పేరు పెట్టి పాత ఇమేజినే పంపేశాను. తెల్లారాక ఒక జూనియర్ అమ్మాయి పట్టుకుంది.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి మంచినీళ్లు అడిగితే "ఒక్క నిమిషం" అన్నాను. ఆమెకు గుర్తులేదు. నాకుంది.

"సార్, మీకు తెలిసిందంతా చెప్పండి, నేను రాస్తాను" అంది ఆ అమ్మాయి. అంతా రాసేస్తే ఇక నాతో పనేముంటుందని మనసులో గుబులు. అయినా చెప్పాను.

ఇప్పుడు ఎవరైనా కోడు మార్చి పంపగానే, ఏ పాత సామానూ లేని మెషిన్ మీద ఇమేజి మొదటినుంచి తయారవుతుంది. పరీక్షలు నడుస్తాయి. తెలిసిన లోపాలున్నాయేమో తనిఖీ జరుగుతుంది. ఏది తప్పినా పని అక్కడే ఆగుతుంది. అన్నీ దాటితేనే సంతకంతో రిజిస్ట్రీకి చేరుతుంది. పేరును ఎవరైనా మార్చగలరు. కానీ ఇమేజి లోపలి సరుకును బట్టి లెక్కగట్టే 64 అక్షరాల గుర్తు ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. సర్వర్లు ఇప్పుడు ఆ గుర్తునే అడుగుతాయి. పాస్‌వర్డులు మాత్రం మూటలో పెట్టం. మూట చేతికందిన వాడు వెతికి తీయగలడు. కోడు మారకపోయినా వారానికోసారి మళ్లీ కడతాం, పునాదిలో జరిగిన మరమ్మతులు కూడా చేరాలి కాబట్టి.

ఇది కంపెనీల గొడవే కాదు. కరోనా కాలంలో పక్కన హబ్సిగూడలో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు వైరస్ జన్యుక్రమాలను చదివారు. అలాంటి పరిశోధనలకు వాడే సాఫ్ట్‌వేర్ల కోసం బయోకంటైనర్స్ అనే ఉమ్మడి ప్రయత్నం ఉంది. తయారీ పద్ధతి రాసి పెడితే చాలు, ఇమేజి దానంతటదే తయారై అందరికీ అందుతుంది. ఇక్కడి ఫలితాన్ని ఇంకో దేశంలో సరిచూడాలంటే అదే వెర్షన్ దొరకాలి కదా. పక్కవాడు చేయగలగాలి అన్న మన సార్ మాటే అది.

ఒక హెచ్చరిక. పద్ధతి తప్పుగా రాస్తే యంత్రం ఆ తప్పునే శ్రద్ధగా వందసార్లు చేస్తుంది. ఎర్ర సిరా ఇంకా కావాలి. నా ఉద్యోగం పోలేదు, ఇప్పుడు నా పని ఆ ఎర్ర సిరాయే. ఈ సంవత్సరం మాత్రం పదిరోజులు అమ్మ దగ్గర ఉన్నాను, ల్యాప్‌టాప్ లేకుండా.

చివరగా ఒక విన్నపం. మన సంఘం సభ్యుల ఫోను నంబర్లన్నీ ఒకే ఒక్క మిత్రుడి డైరీలో ఉన్నాయని పొద్దున్నే తెలిసింది. ఆయన నూరేళ్లు చల్లగా ఉండాలి. కానీ ఆ డైరీకి ఈ సాయంత్రమే ఇంకో కాపీ తీయండి.

సెలవు.