కంచె యవతలి యిల్లు



అరకు లోయలో అణువ్యర్థముల నిలువ లేదు గదా, ఆ మాట మనకేల యని మీరడుగవచ్చును. మాట యిండ్లను గూర్చినది గనుక మనకు గావలసినదే.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని కలదు. ఖనిజమునుండి యురేనియమును తీయగా మిగిలిన బురదను చెరువువలె గట్టు కట్టి నిలువచేయుచున్నారు. యురేనియము పోయినను, ఖనిజములోని రేడియోధార్మికతలో నూటికి 85 పాళ్లు ఆ బురదలోనే మిగులును. అందలి రేడియము సగము తరుగుటకే 1600 సంవత్సరములు పట్టును. బోరు నీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు అచ్చటి రైతులు మొరపెట్టుకొనిరి. నీటిపై అనుమానము పడిన యూరిలో ఇల్లు కొనువాడెవడు? పిల్లనిచ్చువాడు సైతము వెనుకాడును!

2013 నాటి భూసేకరణ చట్టము తీసికొన్న భూమికి ధర కట్టును. సెంటు భూమియైనను పోక, కంచె యవతల నిలిచిన యింటి విలువ తరిగినచో దానికి లెక్క లేదు.

మన యేజెన్సీలో చిక్కు ఇంకను లోతైనది. 1970 నాటి 1వ రెగ్యులేషన్ వలన ఇల్లుగాని, భూమిగాని గిరిజనేతరులకు అమ్మరాదు. అది మనకు కోట. అనంతగిరి మండలములో ప్రైవేటు కంపెనీల కిచ్చిన గనుల కౌళ్లు చెల్లవని 1997లో సమత కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది ఆ శాసన బలముననే. కాని అమ్మకమే లేని యింటికి కాగితముమీద ధర యుండదు. లేని ధర తరిగినదని యెవరు వ్రాయుదురు? మన యింటి విలువ ఊటనీటిలో, మిరియపు తీగలో, కాఫీతోటలో నున్నది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. నీటిపై ఒక్క అపవాదు చాలును, ఆ పేరు చెడుటకు.

మన గాలికొండలో బాక్సైటు కలదు. దానిని శుద్ధిచేయగా మిగులు ఎఱ్ఱబురదలో క్షారముతోబాటు స్వల్పముగ యురేనియము, థోరియము నుండును. 2010లో హంగరీ దేశమున అట్టి బురదగట్టు తెగి పదిమంది మరణించిరి. పెక్కు యిండ్లు నివాసయోగ్యము గాక కూల్చవలసివచ్చినది.

కావున మన గ్రంథాలయములో ఒక చిట్టా యుంచవలెనని నా కోరిక. ఊటనీటి పరీక్ష ఫలితము, ఇంటింటి కాఫీ మిరియముల రాబడి, ఇల్లు కట్టుటకైన ఖర్చు ఏటేట వ్రాయవలెను. వ్యర్థములు వచ్చిన పిమ్మట వ్రాసిన లెక్కను ఏ యధికారియు నమ్మడు. షెడ్యూల్డు ప్రాంతమున భూసేకరణకు ముందు గ్రామసభ సమ్మతి కావలెనని ఆ 2013 చట్టమే చెప్పుచున్నది. ఆనాడు సభలో చూపుటకు మనచేత నుండునది ఆ చిట్టాయే. చదువుకొన్న పడుచువారు ఇద్దరు ముందునకు వచ్చినచో వచ్చే సంతనాడే మొదలిడుదము.