భూగర్భమున చమురు జాడలు: వాని యర్థము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నేను విద్యాభివృద్ధినిగూర్చి మాటలాడుదునని తాము తలచియుందురు. నేను మాటలాడబోవునది బోరుబావిలోని నూనెతెట్టెను గూర్చి. కారణము దాచనేల? గడచిన వేసవిలో గురజాల ప్రాంతమున నొక చేనిలో బోరు వేయగా నీటిపై రంగురంగుల తెట్టె తేలినది. అది పెట్రోలియమనియు, ఆ భూమిని కొన్నవారికి కోట్లు వచ్చుననియు నొక మధ్యవర్తి చాటింపు మొదలుపెట్టెను. మన విద్యార్థి వసతిగృహ నిధినుండి బయానా ఈయవలెనని కొందఱు పెద్దలు సదుద్దేశముతోనే ప్రతిపాదించిరి. భూగర్భశాస్త్రము చదివినవాడనని నా యభిప్రాయ మడిగిరి గనుక, దానిని నలుగురి యెదుటనే విన్నవించుచున్నాను.

నీటిపై తళుకులీను పొర యంతయు చమురు గాదు. ఇనుము గల నీటిలో పెరుగు సూక్ష్మజీవులును అట్టి పొరనే కల్పించును. పుల్లతో కదల్చినచో ఇనుపతెట్టె గాజుపెంకులవలె పగిలి విడివిడిగా తేలును. నూనెతెట్టె సుడులు తిరిగి మరల కలిసికొనును. మేము పోయి చూడగా నా తెట్టె కలిసికొన్నది. మధ్యవర్తి ముఖము వికసించినది. అయినను బోరుయంత్రపు గాలిసుత్తి అరుగకుండుటకై గాలితోపాటు కందెననూనెను లోపలికి పంపుదురనియు, అందు కొంత బావిలోనే నిలుచుననియు మఱవరాదు. రెండు దినములు మోటారు నడపించితిమి. మూడవనాడు తెట్టె లేదు. భూమిలోనుండి ఊరుచున్న చమురు ఇంత త్వరగా అంతరించునని నేను నమ్మజాలను.

చమురు భూమిలోపల చెఱువువలె నిలిచియుండునని లోకుల తలపు. అట్లు కాదు. పూర్వజీవుల కళేబరములు కలిసిన నల్లని బురదరాయి లోతున వేడికి మగ్గి చమురును కనవలెను. అది చేరుటకు ఇసుకరాయివలె రంధ్రములు గల రాయి కావలెను. నీటికంటె తేలికయగుటచే పైకెగయు నా చమురును ఆపుటకు చొరరాని మూతయు, బోర్లించిన మూకుడువంటి మడతయో, పొరలు జారి యడ్డుపడిన బీటయో ఉండవలెను. అట్టి బోనులో పైన వాయువు, నడుమ నూనె, అడుగున ఉప్పునీరు నిలుచును. మనకు తూర్పున కృష్ణా గోదావరీ మండలమున నీ సామగ్రి యంతయు కూడినది. అచ్చటి రాఘవాపురము, గొల్లపల్లి గ్రామముల పేర్లే ఆ శిలలకు శాస్త్రమున స్థిరపడినవి. 1978లో నరసాపురమున లోతుబావి త్రవ్విరి. పిమ్మట రాజోలు, మండపేట, లింగాల మున్నగుచోట్ల నిక్షేపములు బయల్పడినవి. అది యాటవస్తువు కాదు: 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి, సుమారు 65 దినములు మండినది.

అచ్చటి నిపుణులు జాడను చదువు విధ మించుక చెప్పెదను. త్రవ్వునపుడు బురదద్రవముతో పైకి వచ్చు రాతినలుసులను అతినీలలోహిత కాంతిలో పరీక్షింతురు. చమురంటిన నలుసు వెలుగును. కాని సున్నపురాళ్లలో కొన్ని చమురు లేకయే వెలుగును. సున్నపురాతి సీమవారమగు మనకీ మాట ముఖ్యము. ద్రావకపు చుక్క వేసినచో నూనె వెలుగు పాలధారవలె ద్రవములోనికి పాకును, రాతి వెలుగు కదలదు. వాయువు వచ్చినను అంతే. మీథేనొక్కటియే యున్న చిత్తడినేలలో కుళ్లిన ఆకులనుండి పుట్టినదియు కావచ్చును. ఈథేను, ప్రొపేను, బ్యూటేను కూడియున్నచో లోతునుండి వచ్చినదని యూహింతురు.

జాడ నిజమైనను సంపద నిజము కాకపోవచ్చును. ఒకప్పుడు నిండిన బోను భూమి కదలికలచే పగిలి, చమురు జారిపోగా, రాతికి మరక మాత్రము మిగులును. ఖాళీ నేతికుండకు వాసన మిగులుట వంటిది. మఱియొకచో బావి బోను అంచున దిగి నూనెమరక గల నీటినే చూపును. అసలు నిలువ ప్రక్కమిట్టన ఉండును. ఒకే మరకకు రెండర్థములు! అందువలననే బావిని పారనిచ్చి, ఒత్తిడిని కొలిచి, ఎంత వచ్చునో చూచినగాని మాట ఈయరు.

మన పలనాటి నాపరాళ్లు, సున్నపురాళ్లు 50 కోట్ల ఏండ్లకు పూర్వపువి. అంత పాతరాళ్లలో చమురుండనే యుండదని నేననను. 1991లో రాజస్థానమునందలి బాఘేవాలాలో అట్టి ప్రాచీనశిలలయందే చిక్కని చమురు దొరికినది. కాని దానిని తేల్చునది లోతైన పరీక్ష; చేనిలోని బోరు కాదు.

ఇక అసలు సంగతి. పట్టాదారు చేనిక్రింద చమురున్నను అది పట్టాదారునిది కాదు. 1948 నాటి చమురుక్షేత్రముల చట్టము క్రింద ప్రభుత్వానుమతి పొందినవారే త్రవ్వవలెను. మనకు దక్కునది నేలకు పరిహారము మాత్రమే. మధ్యవర్తి చెప్పిన కోట్లు ఏ దారిన వచ్చునో ఆయన చెప్పలేదు, నేనడిగితిని. కోడిపందెమున రాజ్యము పోయిన కథ పలనాటివారికి నేను చెప్పవలసినది కాదు.

కావున బయానా ఈయవలదని నా మనవి. నిధిలోని సొమ్ముతో వసతిగృహపు కురియుచున్న పైకప్పును వానలకు ముందే వేయింప సభవారు నేడే తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను.