జర్మను లేఖలలో మర్యాద



1950 దశకమున రూర్కెలా ఉక్కు కర్మాగారము పశ్చిమ జర్మనీ సంస్థల సహకారముతో నిర్మింపబడెను. 1959లో ఆ దేశపు సాయముతోనే మద్రాసున ఐ.ఐ.టి. నెలకొనెను. ఇట్టి సంబంధములు పెరిగినకొలది భారతీయోద్యోగికి జర్మను భాషతో పని పడుచున్నది. ఇంగ్లీషుతో పని గడచుచుండగా జర్మను ఎందులకని కొందరడుగుదురు. పని గడచుట వేరు, ఎదుటివారి మన్నన పొందుట వేరు.

మొదట నేర్వవలసినది సంబోధన. 'డు' అనగా నువ్వు. 'జీ' అనగా మీరు. ఇంగ్లీషు 'యూ'లో కానరాని ఈ భేదము తెలుగువారికి క్రొత్త కాదు. 'జీ' అనునది 'వారు' అను బహువచనమునుండి వచ్చినది. ఒక్కరినే 'వారు' అని గౌరవించు తెలుగువారికి ఇందలి మర్మము సులభముగా బోధపడును. అయితే 'మీరు' అను అర్థమున ఆ మాట మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాయవలెను. చిన్నదిగా వ్రాసినచో 'ఆమె' అనియో 'వారు' అనియో అర్థము మారును. 1996 నాటి వర్ణక్రమ సంస్కరణము సైతము ఈ నియమమును మార్చలేదు. నేడు కొన్ని కార్యాలయములలో 'డు' చెల్లుచున్నను, క్రొత్తవారికి వ్రాయునపుడు 'జీ' అనుటయే క్షేమము. 'డు' అనుకొందమని పెద్దవారే ముందుగా పలుకుట ఆచారము.

పేరు తెలియనిచో లేఖను 'జేర్ గెఎర్టె డామెన్ ఉంట్ హెర్రెన్' అని ప్రారంభింతురు. మిగుల గౌరవనీయులైన మహిళలారా, మహాశయులారా అని భావము. పేరు తెలిసినచో పురుషునికి 'హెర్', స్త్రీకి 'ఫ్రౌ' చేర్చి ఇంటిపేరు వ్రాయుదురు. డాక్టరు బిరుదమున్నచో విడువరాదు. అవివాహితకు వాడిన 'ఫ్రాయిలైన్' అను మాటను పశ్చిమ జర్మనీ ప్రభుత్వము 1972లో తన వ్యవహారమునుండి తొలగించెను. ముగింపున 'మిట్ ఫ్రాయింట్‌లిషెన్ గ్రూసెన్', అనగా స్నేహపూర్వక వందనములతో, అని వ్రాయుదురు. పూర్వపు 'హోఖ్‌ఆఖ్టుంగ్స్‌ఫోల్' నేడు బిగువుగా, చల్లగా వినిపించును.

కోరికను తెలుపుటలో క్రియారూపమే వినయమును మోయును. 'క్యోనెన్ జీ' అనగా 'చేయగలరా' అని సూటి ప్రశ్న. 'క్యోన్టెన్ జీ బిట్టె' అన్నచో 'దయచేసి చేయగలరేమో' అను మెత్తదనము కలుగును. 'బిట్టె' అనగా దయచేసి; ధన్యవాదములకు బదులు చెప్పుటకును అదే మాట.

అన్నిటికన్న క్లిష్టమైనది నిరాకరణము. జర్మనులు 'లైడర్', అనగా విచారముతో, అని ఒక్క మాట చేర్చి, కాదన్న సంగతిని స్పష్టముగా వ్రాయుదురు. దానిని చదివిన తెలుగువాడు కోపమని నొచ్చుకొనవచ్చును. తెలుగువాడు మొగమోటముచే 'ప్రయత్నింతుము' అని వ్రాసినచో, జర్మను అధికారి దానిని అంగీకారముగా గ్రహించి యంత్రభాగమునకై ఎదురుచూడవచ్చును. ఇద్దరును మర్యాదనే పాటించిరి. అయినను కాలము, ధనము, స్నేహము మూడును నష్టమగును.

నువ్వు, మీరు, తమరు అను మెట్లెరిగిన తెలుగు బిడ్డకు ఈ పాఠము సగము ఇంటనే లభించినది. కాదను మాటను కాదనియే మర్యాదగా చెప్పు తక్కిన సగమును జర్మను భాష నేర్పగలదు.