ఇంగ్లీషు వాక్యములో మాటల స్థానము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పండుగనాడు వ్యాకరణము మాటలాడుట పెండ్లిపందిటిలో పద్దులు విప్పుటవంటిదని నేనెరుగుదును. కాని ఇచ్చట సాయంకాలమున ఇంగ్లీషు పత్రిక ముందుంచుకొని, మాటలన్నియు తెలిసియు అర్థము కుదరక మూసివేయు యువకులను చూచుచున్నాను. చిక్కు మాటలలో లేదు, వాని స్థానములో నున్నది.

నా అనుభవమొకటి చెప్పెదను. నేను హైస్కూలు చదువు ముగించిన దినములలో మా ఊరి రైతొకడు పట్టణపు షావుకారునకు పది బస్తాల ధాన్యము అరువునకు అమ్మి, సొమ్ము రాక, ఒక కచేరీకి అర్జీ వ్రాసిపెట్టుమని నన్నడిగెను. "షావుకారునకు రైతు పది బస్తాలు అమ్మెను" అని మనసులో అనుకొని ఆ వరుసనే ఇంగ్లీషులోనికి దించితిని. క్రియ నడుమ నుండవలెనని మాత్రము మా మాస్టరుగారు చెప్పియుండిరి. "ది మర్చంట్ సోల్డ్ ది ఫార్మర్ టెన్ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ" అని వ్రాసితిని. గుమాస్తా చదివి, "ఏమయ్యా, ధాన్యము కొన్నవాడవు నీవే గదా! సొమ్ము నీవే చెల్లింపవలెను" అని రైతుతో అనెను. మాటలలో ఒక్కటియు తప్పు లేదు. అయినను బాకీదారు షావుకారు కాక రైతయ్యెను.

ఇదెట్లు జరిగెను? "రాముడు రావణుని చంపెను" అనుడు, "రావణుని రాముడు చంపెను" అనుడు, తెలుగున కథ మారదు. "ని" యను ప్రత్యయము రావణుని వెన్నంటియుండును. అతడు వాక్యములో నెచ్చట నిలిచినను చచ్చినవాడతడే. ఇంగ్లీషున పేరునకు అట్టి గుర్తు లేదు. సామాన్య వాక్యమున క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ. "రామ కిల్డ్ రావణ" అన్న రామాయణము. "రావణ కిల్డ్ రామ" అన్న లంకలో విజయోత్సవము! "రావణ వాజ్ కిల్డ్ బై రామ" అనవచ్చును గదా యందురేమో. అనవచ్చును, కాని అచ్చట క్రియ రూపమే మారినది, "బై" యను మాట తోడువచ్చినది. మన "చంపబడెను" వంటి దది.

నా అర్జీలో రైతును ముందుంచి, షావుకారునకు ముందు "టు" అను చిన్నమాట చేర్చినను సరిపోయెడిది. అది మన "కు" వంటిదే. మనది పేరు వెనుక, వారిది పేరు ముందు.

ఇంగ్లీషు ఆదినుండి ఇట్లు లేదు. 9వ శతాబ్దమున ఆల్ఫ్రెడ్ రాజు కాలమునాటి ఇంగ్లీషులో నామములకు విభక్తి ప్రత్యయములుండెను. తరువాతి శతాబ్దములలో అవి అరిగిపోయినకొలది వరుస బిగిసినది. "హీ, హిమ్", "ఐ, మీ" అను జంటలు ఆ పాత సంపదలో మిగిలిన చిల్లర.

మరియొక చిక్కు. "మా ఊరు పెద్దది" యను వాక్యమున క్రియ లేదు. మనకు లోటు తోచదు. ఇంగ్లీషున "ఈజ్" లేక అది నిలువదు. "వచ్చితిని" అన్నచో వచ్చినది నేనని క్రియయే చెప్పును. వారికి "ఐ" యని విడిగా చెప్పవలెను.

కనుక దీర్ఘవాక్యము కనబడినప్పుడు మొదట క్రియను వెదకుడు, పిదప దాని కర్తను పట్టుకొనుడు. "ది బుక్స్ ఇన్ అవర్ లైబ్రరీ ఆర్ ఓల్డ్" అను వాక్యమున "ఆర్" అను క్రియకు అంటియున్నది లైబ్రరీ. కాని కర్త బుక్స్. "ఈజ్" అనక "ఆర్" అనుటయే దానికి సాక్ష్యము. పాతబడినవి పుస్తకములే గాని గ్రంథాలయము కాదని కార్యదర్శిగారు సంతోషింతురు గాక!

ఆ అర్జీని మాస్టరుగారు దిద్దియిచ్చిరి. రైతు పేరు ముందుకు వచ్చినది. మూడు నెలలకు సొమ్మును వచ్చినది. ఆ రైతు మాత్రము మరల నాచేత కార్డుముక్కయైనను వ్రాయించుకొనలేదు.