నునుపునకు లెక్క

రోగి తలను సి.టి. యంత్రము పొరలు పొరలుగా చిత్రించును. ఆ పొరలనుండి ఎముక ఉపరితలమును చిన్న త్రికోణముల వలగా అల్లు పద్ధతిని 1987లో లోరెన్సెన్, క్లైన్ అను ఇద్దరు ప్రకటించిరి. అట్లు లభించిన రూపము తరచు మెట్లుమెట్లుగా, గరుకుగా నుండును. అందుచే దానిని నునుపు చేయుదురు.

అదెట్లు? వలలోని ప్రతి ముడిని దాని ఇరుగుపొరుగు ముడుల సగటు స్థానమువైపు కొంచెము జరుపుదురు. ఒకసారి కాదు, ఇరువది సార్లు, నూరు సార్లు. కాని ఇందొక చిక్కు కలదు. గరుకుతోపాటు రూపమును కుదించుకొనిపోవును. సన్నని పగులు మాసిపోవచ్చును. వైద్యుడు వెదకునది ఆ పగులునే! 1995లో టౌబిన్ అను శాస్త్రజ్ఞుడు ఉపాయము చూపెను: ఒక అడుగు లోనికి, వెంటనే ఒక అడుగు వెలుపలికి. దీనిచే కుదింపు చాలవరకు తప్పును. పగులు మాయు భయము మాత్రము పూర్తిగా తప్పదు.

పారావ్యూ వంటి సాధనమున ఈ పనిని మౌస్‌తో చేయవచ్చును. కాని ఎన్నిసార్లు నునుపు చేసితిమో మరునాటికి గుర్తుండదు. పైథాన్ భాషలో నాలుగు పంక్తులు వ్రాసినచో—ఈ ఫైలు తెరువుము, ఇన్నిసార్లు నునుపు చేయుము, ఈ పేర భద్రపరచుము—ఆ సంఖ్య నిలిచియుండును. ఎగుమతియైన ఎస్.టి.ఎల్. ఫైలు త్రికోణములనే మోయును; కొలత మిల్లీమీటరో అంగుళమో కూడ చెప్పదు, నునుపు సంగతి యేమి చెప్పును?

కావున బొమ్మతోపాటు ఆ పంక్తులను, నునుపు చేయని మొదటి వలను దాచుట విధి. అనుమానము కలిగిననాడు వెనుకకు పోవుటకు వేరు దారి లేదు.