పుస్తకము తెరచి వ్రాయు పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునందు రెండు విధముల పట్టికలుండును. పుస్తకములు వచ్చి చేరిన వరుసను తెలుపునది ఒకటి. ఏ విషయమునకు చెందిన పుస్తకము ఏ బీరువాలో నున్నదో తెలుపునది రెండవది. మొదటిది లెక్కల కొరకు; రెండవది పాఠకుని కొరకు. రెండవ పట్టిక లేనిచోట పుస్తకములు వేలకొలదిగా నున్నను, కావలసినది కావలసినప్పుడు చేతికి రాదు. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు కూర్చిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు, పాఠకుని కాలమును ఆదా చేయవలెననుటను నాల్గవ సూత్రముగా నిలిపిరి. పుస్తకము తెరచి వ్రాయు పరీక్షకు నోట్సు సిద్ధపరచుకొను యువకునకు కూడ ఈ సూత్రమే దారి చూపును.

ఇందుకు తగిన ఉదాహరణము అఖిల భారత బార్ పరీక్ష. న్యాయశాస్త్ర పట్టము పొంది న్యాయవాద వృత్తిలో నిలువగోరువారు దీనిలో ఉత్తీర్ణులు కావలెను. భారత బార్ కౌన్సిల్ వారు దీనిని 2011లో మొదటిసారి జరిపిరి. ఈ పరీక్ష చెల్లునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2023 ఫిబ్రవరి 10వ తేదీన తీర్పు చెప్పినది. దీనిని తెలుగులోను వ్రాయవచ్చును. అప్పు చేసి కుమారుని న్యాయశాస్త్రము చదివించిన రైతు కుటుంబమునకు ఇది కేవలము మార్కుల పరీక్ష కాదు. కుమారుడు నల్లకోటు వేసికొని తన కాళ్లపై నిలుచునా లేదా అని తేల్చు పరీక్ష.

పుస్తకము తీసికొనిపోవచ్చుననగానే సామాన్యముగా ఒక భ్రమ కలుగును. “చూచి వ్రాయుటయే గదా, చదువుటెందుకు?” అందురు. లెక్క చూచినచో ఈ భ్రమ తొలగును. ప్రశ్నలు నూరు. కాలము మూడు గంటలనుకొన్నచో 180 నిమిషములు. ప్రశ్నకు రెండు నిమిషములైనను రావు. అందులోనే ప్రశ్నను చదువవలెను, నాలుగు సమాధానములను పోల్చవలెను, గుర్తు పెట్టవలెను. ఇక పుస్తకము వెదకుటకు మిగులు కాలమెంత? దారి తెలియనివానికి తెరచిన పుస్తకమును మూసిన పుస్తకము వంటిదే.

మరియొక చిక్కు కలదు. తొలి సంవత్సరములలో అభ్యర్థులు నోట్సులను కూడ వెంట తీసికొనిపోయెడివారు. 2021 నుండి వ్యాఖ్యలుగాని, చేతివ్రాతగాని లేని మూల చట్టపు ప్రతులను మాత్రమే అనుమతించుట జరిగినది. అట్లయినచో లోపలికి రాని నోట్సు దేనికని అడుగవచ్చును. నోట్సు పుస్తకమునకు బదులుగా వాడు వస్తువు కాదు. పుస్తకములోనికి పోవు బాట. ఆ బాటను ఇంటివద్ద కాగితముపై వేసి, పలుమార్లు నడచి, మనస్సులో నిలుపుకొని పోవలెను. పరీక్షనాడు కాగితము ఇంటనుండును. బాట మాత్రము వెంటవచ్చును.

ఆ బాటను వేయు విధమెట్టిది? మొదట ఒక్కొక్క చట్టమునకు ఒక్కొక్క పుట కేటాయించి, అధ్యాయముల ఎల్లలు వ్రాయవలెను. భారతీయ న్యాయ సంహితను తీసికొందము. అందు సెక్షనులు 358. సాధారణ మినహాయింపులు 14 నుండి 44 వరకు. స్త్రీలపైని, శిశువులపైని జరుగు నేరములు 63 నుండి 99 వరకు. మానవ శరీరమునకు సంబంధించిన నేరములు 100 నుండి 146 వరకు. ఆస్తికి సంబంధించినవి 303 నుండి 334 వరకు. ఊరిలో ఏ వీధి ఎక్కడనున్నదో తెలిసినవానికి ఇల్లు కనుగొనుట కష్టము కాదు.

తరువాత, ఒకదానినొకటి పోలియుండు విషయములను పక్కపక్కన వ్రాసికొనవలెను. ప్రశ్న సెక్షను సంఖ్యతో రాదు, సంఘటన రూపమున వచ్చును. ఒక సైకిలునే చూడుడు. యజమాని అనుమతి లేక, అపహరించు తలంపుతో అతని వాకిటినుండి తీసికొనిపోయినచో దొంగతనము, 303. దారిలో దొరికిన సైకిలు ఎవరిదో తెలిసియు తన సొంతమునకు వాడుకొన్నచో ఆస్తి దుర్వినియోగము, 314. నమ్మి అప్పగించినదానిని అమ్ముకొన్నచో నమ్మక ద్రోహము, 316. అబద్ధములాడి యజమానిచేతనే ఇప్పించుకొన్నచో మోసము, 318. సైకిలు ఒకటే; అది చేతికి వచ్చిన విధమును బట్టి నేరము మారును. ఇట్టి నాలుగు పంక్తులు నలువది పుటల ఎత్తివ్రాతకంటె మేలు.

మూడవది, ప్రతి పుటపైనను తేదీ వేయవలెను. పెద్దలు వాడిన నోట్సును పిన్నలు వాడుట మంచి అలవాటే. కాని చట్టము మారినప్పుడు ఆ ఆస్తియే అపాయమగును. 2024 జూలై 1వ తేదీన 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానమున న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. హత్యకు శిక్ష 302లో నుండెడిది, ఇప్పుడది 103లో నున్నది. మోసగానిని జనులు “ఫోర్ ట్వంటీ” అని పిలుచుట మానలేదు. చట్టములో మాత్రము మోసము 318కి మారినది. అయినను పాత సంఖ్యలను పారవేయరాదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు పాత చట్టమే వర్తించును. కావున పాతది ఒక వరుసలో, క్రొత్తది ఒక వరుసలో వ్రాసికొనుట ఉచితము.

చివరగా అభ్యాసము. ఇద్దరు మిత్రులు గడియారము ముందుంచుకొని కూర్చుండవలెను. ఒకరు సంఘటనను చెప్పగా రెండవవారు చట్టము తెరచి సెక్షనును చూపవలెను. తెలిసిన ప్రశ్నకు పుస్తకము తెరువరాదు, సందేహమున్నదానికే తెరువవలెను, బొత్తిగా తెలియనిదానిని చివరకు ఉంచవలెను. తప్పునకు మార్కులు తగ్గింపరు కనుక దేనిని ఖాళీగా విడువరాదు. అన్నిటికంటె ముందు, ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువవలెను. ఏవి అనుమతింతురో ఇతరుల మాటపై నమ్మరాదు.

ఈ కార్యమున పల్లె గ్రంథాలయమునకు పెద్ద పాత్ర కలదు. మూల చట్టముల తాజా ప్రతులను ఒక బీరువాలోను, రద్దయిన చట్టములను చీటీ అంటించి వేరొక బీరువాలోను ఉంచినచో, తెలియక పాతదానిని చదివి ఒక యేడు పోగొట్టుకొను యువకుడుండడు. ఒక బల్ల, ఒక దీపము, ఒక గడియారము చాలును. ఇరువదియైదేండ్లు పుస్తకములను కూర్చి, వరుస తప్పక కాపాడిన సంస్థకు ఇది క్రొత్త పని కాదు. కావలసిన పుట కావలసిన క్షణమున పాఠకునికి దొరకునట్లు చేయుటయే గ్రంథాలయ ధర్మము. ఆ ధర్మమును తన నోట్సులో పాటించిన విద్యార్థికి పరీక్షయందే గాక, రేపు కక్షిదారుడు కాగితములు చేతబట్టి గుమ్మమున నిలిచినప్పుడును అది తోడ్పడును.